పాత షెవ్రొలే ప్యానెల్ వ్యానుకు సరైన బాడీ భాగాలు గుర్తుపట్టడం ఎలా

ముందు నుంచి చూస్తే ప్యానెల్ వ్యాను, అంటే పక్కల కిటికీలు లేకుండా రేకుతో మూసిన సరుకు బండి, అచ్చం పికప్‌లాగే ఉంటుంది. బానెట్, గ్రిల్, ముందు మడ్‌గార్డులు, బంపర్ అన్నీ అవే. చిక్కు తలుపు దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి వెనక బంపర్ దాకా అది వేరే బండి. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. క్యాటలాగులో ‘3100కి (అర టన్ను షెవ్రొలే వరసకు) సరిపోతుంది’ అని చూసి తెప్పించిన తలుపులు, వెనక మడ్‌గార్డులు, ఫుట్‌బోర్డులు తీరా చూస్తే పికప్‌వి అయి కూర్చుంటాయి. అమెరికా నుంచి తిరుపతికి వచ్చిన మడ్‌గార్డును తిప్పి పంపడానికయ్యే ఖర్చుతో ఇక్కడ టింకరింగ్ పని సగం అయిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా 1947 జూన్ నుంచి 1955 మార్చి దాకా తయారైన షెవ్రొలే ‘అడ్వాన్స్ డిజైన్’ వరస బండ్ల గురించి. మీది ఫోర్డో ఫార్గోనో అయితే పద్ధతి ఇదే, వివరాలు వేరు. ఒక మాట మాత్రం: 1948–50 ఫోర్డ్ ఎఫ్-1 గ్రిల్‌కూ ఐదు అడ్డపట్టీలే. ఫోటోలో చూసి షెవ్రొలేది అనుకుని బేరం ఆడేవాళ్లున్నారు. హెడ్‌లైట్లు గ్రిల్ చట్రంలోనే ఉంటే ఫోర్డ్, మడ్‌గార్డుల్లో ఉంటే షెవ్రొలే.

1. ముందు తేల్చుకోండి: ఫ్యాక్టరీ బాడీయా, ఇక్కడ కట్టిన బాడీయా

జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలోని సేవ్రీలో బండ్లు బిగించి అమ్మింది. మన దేశంలో సరుకు బండ్లను చాలావరకు ఛాసిస్, కౌల్ వరకే కొని, బాడీని ఊళ్లోనే కట్టించుకునేవాళ్లు. కౌల్ అంటే ఇంజన్‌కూ డ్రైవర్ కాళ్లకూ మధ్య గోడ, దాని మీద అద్దం కింది భాగం. అందుకే మీ వ్యాను వెనక భాగం షెవ్రొలే ఫ్యాక్టరీదే అని ముందే అనుకోవద్దు.

తేల్చడానికి అరగంట చాలు. ఒక అయస్కాంతం, టార్చ్, స్క్రూడ్రైవర్ తీసుకుని లోపలికెళ్లండి. పక్క రేకులకు అయస్కాంతం అంటకపోతే అది అల్యూమినియం, ఇక్కడ కట్టిందే. అంటితే ఇంకా చూడాలి. లోపలి నిలువు పిల్లర్లు టేకువా, రేకును మడిచి వెల్డింగ్ చేసినవా? ఫ్యాక్టరీ బాడీలో పిల్లర్లు, పైకప్పు అడ్డకమ్మీలు అన్నీ అచ్చులో నొక్కిన ఉక్కు రేకే, కలిపింది స్పాట్ వెల్డింగ్‌తో. వెల్డింగ్ చుక్కలు ఒకే దూరంలో వరసగా కనిపిస్తాయి. ఊళ్లో కట్టిన బాడీలో రివిట్లు, మరమేకులు, కీళ్ల దగ్గర బస్సు కబ్జాలు కనిపిస్తాయి. పైకప్పు మూలలూ చెప్పేస్తాయి. ఫ్యాక్టరీ కప్పు నాలుగు వైపులా గుండ్రంగా వంగుతుంది. చేత్తో కట్టిన కప్పు ఒక వైపే వంగి ఉంటుంది, మూలల్లో రేకు ముక్కలు అతికించి పైన పట్టీ వేసి ఉంటారు.

ఇక్కడ కట్టిన బాడీ అని తేలితే వెనక భాగానికి అమెరికా నుంచి ఏమీ తెప్పించకండి. ఏదీ సరిపోదు. కౌల్ నుంచి ముందుకి మాత్రమే ఈ వ్యాసం మీకు పనికొస్తుంది. వెనకది కొయ్యపనీ రేకుపనీ తెలిసినవాళ్లతో ఉన్నది ఉన్నట్టు బాగుచేయించండి. దాన్ని పీకేసి ‘ఒరిజినల్’ షెవ్రొలే బాడీ పెట్టాలన్న ఆలోచన మంచిది కాదు, ఆ బండికి ఒరిజినల్ అదే.

2. మోడల్, సంవత్సరం పట్టుకోండి

ఆర్.సి.లో ఉన్నది రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరం. బండి తయారైనది దానికంటే ముందు కావచ్చు. పైగా ‘షెవ్రొలే వ్యాన్’ అని తప్ప మోడల్ నంబరు ఉండకపోవచ్చు. కాబట్టి టేపుతోనే మొదలుపెట్టండి.

చదునైన నేల మీద చక్రాలు నేరుగా పెట్టి, ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకు కొలవండి. 116 అంగుళాలు, అంటే సుమారు 294.6 సెంటీమీటర్లు వస్తే అర టన్ను 3100 వరస. అందులో ప్యానెల్ వ్యాను మోడల్ 3105. 137 అంగుళాలు, సుమారు 348 సెంటీమీటర్లు వస్తే ఒక టన్ను 3800 వరస, ప్యానెల్ అయితే 3805. రెండు వైపులా కొలవండి. తేడా వస్తే చక్రాలు మళ్లీ నేరుగా పెట్టి కొలవండి. అయినా తేడా తగ్గకపోతే స్ప్రింగులో, యాక్సిలో, ఛాసిస్‌లో ఏదో జరిగింది. బాడీ పనికి ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే కొత్త తలుపు పెట్టినా సందులు కుదరవు.

తర్వాత తలుపు పిల్లరు మీద నంబరు ప్లేటు వెతకండి. అమెరికాలో తయారైన అర టన్ను బండ్లకు 1952 దాకా నంబరులో రెండక్షరాల సంకేతం ఉంటుంది. 1947కి ఇ.పి., 1948కి ఎఫ్.పి., 1949కి జి.పి., 1950కి హెచ్.పి., 1951కి జె.పి., 1952కి కె.పి. ఒక టన్ను బండికి రెండో అక్షరం పి. బదులు ఎస్. ఉంటుంది. 1953 నుంచి పద్ధతి మారింది: ముందు వరస అక్షరం, అర టన్నుకు హెచ్., ఒక టన్నుకు ఎల్., దాని వెంట 53, 54, 55 అని సంవత్సరం. 1953లో ప్లేటు రంగు కూడా నలుపు నుంచి నీలానికి మారింది. అయితే కుడి స్టీరింగ్ బండ్లు కొన్ని కెనడా లెక్క ప్రకారం వచ్చాయి, వాటి నంబర్లు ఈ పద్ధతిలో ఉండవు. ప్లేటు ఊడదీసి ఇంకో బండికి కొట్టడమూ మామూలే. స్క్రూలు కొత్తగా మెరుస్తుంటే ఆ ప్లేటు మాట నమ్మవద్దు.

3. రేకు మీదే సంవత్సరం చదవడం

ప్లేటు లేకపోయినా పర్వాలేదు. ఈ బండ్లలో మార్పులు ఎప్పుడెప్పుడు వచ్చాయో తెలిస్తే ఒక్కో భాగానికీ విడిగా వయసు కట్టవచ్చు. విడిగా ఎందుకంటే, డెబ్బై ఏళ్లు తిరిగిన బండిలో బానెట్ ఒక ఏడాదిది, తలుపు ఇంకో ఏడాదిది అయి ఉండటమే ఎక్కువ.

అన్నిటికంటే తేలిక గుర్తు ముందు అద్దం. మధ్యలో నిలువు పట్టీ, రెండు చదును అద్దాలు ఉంటే 1953 లేక అంతకు ముందుది. ఒకే అద్దం, కొద్దిగా వంపు తిరిగి ఉంటే 1954, లేదా 1955 మొదటి వరస. ఇది మార్చి పెట్టగలిగేది కాదు, కౌల్, పైకప్పు అంచు అన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి. కాబట్టి బండి అసలు వయసుకు అద్దం చోటే పెద్ద సాక్ష్యం.

గ్రిల్ కూడా అప్పుడే మారింది. 1953 దాకా ఐదు అడ్డపట్టీలు. 1954 నుంచి మధ్యలో బరువైన అడ్డకమ్మీ, అమెరికాలో ‘బుల్ నోస్’ అంటారు. రెండిటికీ బిగింపు చోట్లు వేరు. అందుకే ముందు మడ్‌గార్డులనూ 1947–53, 1954–55 అని విడివిడిగా అమ్ముతారు. గ్రిల్, మడ్‌గార్డులు ఒకే కాలానివి కాకపోతే మీ టింకర్ కొత్త బొక్కలు వేయడం మొదలుపెడతాడు. ఆ బొక్కలు పడ్డ తర్వాత ఆ మడ్‌గార్డు ఏ కాలానిదో చెప్పడం ఇంకా కష్టం.

తలుపుల విషయంలో రెండు గుర్తులు. ముందు మూలలో తిప్పే చిన్న ముక్కోణపు అద్దం 1951లో వచ్చింది, 1950 దాకా తలుపుకు ఒకే అద్దం. బయటి హ్యాండిల్ 1951 వరకు కిందికి తిప్పేది, 1952 నుంచి బొత్తాం నొక్కేది. అంటే ముక్కోణపు అద్దమూ, తిప్పే హ్యాండిలూ రెండూ ఉన్న తలుపు 1951దే. 1949 బండికి 1952 తలుపు బిగిస్తే కూర్చుంటుంది, మూసుకుంటుంది, కానీ బండి కథ తెలిసినవాడు రోడ్డుకవతల నుంచే పట్టేస్తాడు.

బానెట్ పక్కల బ్యాడ్జీ బొక్కలు చూడండి. మొదట్లో షెవ్రొలే పేరు కింద ‘థ్రిఫ్ట్‌మాస్టర్’ అని ఉండేది. 1949లో పేరు కింద 3100, 3800 లాంటి అంకెలు వచ్చాయి. 1953లో పెద్ద అంకెలు మాత్రమే మిగిలాయి. 1955 మొదటి వరసకు మళ్లీ వేరే బ్యాడ్జీ. బ్యాడ్జీ పోయినా బొక్కలు పోవు. పైన లప్పం పూసి మూసినా, బానెట్ తెరిచి కిందవైపు టార్చ్ వేస్తే గుండ్రని మచ్చలు కనిపిస్తాయి. రెండు వరసల మచ్చలుంటే ఎవరో తర్వాతి కాలపు బ్యాడ్జీ పెట్టారని అర్థం.

ఇక 1955 అనే మాట దగ్గర జాగ్రత్త. ఆ ఏడు మార్చి చివరలో పూర్తిగా కొత్త బండి వచ్చింది. ముందు అద్దం పక్కలకు చుట్టుకుని ఉంటుంది, అర టన్ను చక్రాల దూరం 114 అంగుళాలు, కరెంటు 12 వోల్టులు. పాతదానికి 6 వోల్టులే. రెండూ 1955వే, కానీ ఒకదాని బాడీ రేకు ఇంకోదానికి పనికిరాదు. ఆర్డరు పెట్టేటప్పుడు ‘1955 మొదటి వరస’ అని రాయకపోతే వచ్చేది ఏదో దేవుడికే తెలియాలి.

4. తలుపు నుంచి వెనక్కి: ప్యానెల్ సొంత భాగాలు

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి.

ముందు తలుపులు. పికప్ క్యాబిన్ వెనక మూలలు గుండ్రం, దానికి తగ్గట్టు తలుపు వెనక పై మూల కూడా వంగి ఉంటుంది. ప్యానెల్‌లో తలుపు వెనక గోడ నేరుగా సాగిపోతుంది కాబట్టి తలుపు ఆకారం వేరు. మీ బండి తలుపు మీద అట్ట పెట్టి, అద్దం చుట్టూ పై సగం గీత గీసి కత్తిరించండి. కొనబోయే తలుపు మీద ఆ అట్ట పెడితే అర నిమిషంలో తేలిపోతుంది. ప్యానెల్, సబర్బన్, క్యానపీ ఎక్స్‌ప్రెస్ (పైన కప్పు ఉండి పక్కలు తెరిచి ఉండే సరుకు బండి) మూడూ ఒకే కుటుంబం. కాబట్టి వెతికేటప్పుడు ప్యానెల్ ఒక్కటే అడగకుండా ‘సబర్బన్‌ది ఉందా’ అని కూడా అడగండి. సబర్బన్ అంటే పక్కల కిటికీలున్న ప్రయాణికుల బండి, మోడల్ 3106 లేదా 3116. రెండిటికీ తేడా వెనక తలుపే: 3106కి పైకీ కిందికీ తెరుచుకునేది, 3116కి ప్యానెల్ లాగే పక్కలకు తెరుచుకునే రెండు తలుపులు.

వెనక మడ్‌గార్డు. పికప్‌లో అది వెనక తొట్టి పక్కకు బిగుస్తుంది, ప్యానెల్‌లో బాడీ గోడకు. బయట నుంచి ఒకేలా కనిపించినా లోపలి అంచు వంపు, బోల్టు బొక్కల వరస వేరు. ఫోటోలో బయటి వైపు చూసి ఎన్నటికీ కొనవద్దు. లోపలి అంచు ఫోటో, పక్కన టేపు పెట్టి పంపమని అడగండి.

ఫుట్‌బోర్డు. పికప్‌ది వెనక తొట్టి ముందు ముగిసే తీరు వేరు, ప్యానెల్‌ది వెనక మడ్‌గార్డు దాకా బాడీని ఆనుకుని పోయే తీరు వేరు. పొడవు మాత్రమే కాదు, లోపలి అంచు మడత కూడా చూడాలి. 116 అంగుళాల బండిది 137 అంగుళాల బండికి రాదు.

పెట్రోలు ట్యాంకు నోరు కూడా ఒక గుర్తు. పికప్‌లో 1949 నుంచి ట్యాంకు సీటు వెనక నిలబెట్టారు, నోరు తలుపు వెనక బయటికి వస్తుంది. ప్యానెల్‌లో సీటు వెనక సరుకు గది కాబట్టి ట్యాంకు నేల కిందే. ఎవరైనా ‘ప్యానెల్ క్యాబిన్’ అని అమ్ముతూ తలుపు వెనక ట్యాంకు బొక్క చూపిస్తే అది పికప్ క్యాబినే.

పక్క గోడలను చేత్తో తట్టి, లోపల నుంచి టార్చ్ వేయండి. సబర్బన్ కిటికీలు రేకుతో మూసి ప్యానెల్ చేసిన బండ్లుంటాయి, ప్యానెల్‌కు కిటికీలు కోసి మనుషుల బండి చేసినవీ ఉంటాయి. లోపలి వైపు చతురస్రంగా వెల్డింగ్ గీత కనిపిస్తే మొదటి రకం. కిటికీ అంచు లోపలికి మడత లేకుండా కోసినట్టుంటే రెండో రకం.

5. కుడి స్టీరింగ్ సంగతి

క్యాటలాగులన్నీ ఎడమ స్టీరింగ్ బండ్లకు రాసినవి. డాష్‌బోర్డు తిరగేసినట్టు ఉంటుంది కనుక అమెరికా డాష్‌బోర్డు మనకు పనికిరాదు. నేల రేకు కూడా అంతే. ఈ బండ్లలో క్లచ్, బ్రేకు పెడళ్లు నేలలో నుంచే పైకి వస్తాయి, బ్రేకు మాస్టర్ సిలిండర్ కూడా నేల కిందే. కాబట్టి డ్రైవర్ వైపు నేల రేకుకు బొక్కలు కుడివైపు ఉండాలి. తెప్పించిన రేకుకు ఎడమవైపు బొక్కలు మూసి, కుడివైపు కొత్తవి కోస్తే పని నడుస్తుంది. పాత రేకును అచ్చుగా పెట్టుకుని ఇక్కడే 18 గేజ్, అంటే 1.2 మి.మీ. రేకుతో కొట్టించడం అంతకంటే చవక. కౌల్‌లో స్టీరింగ్ బొక్క చుట్టూ మాత్రం కోయవద్దు, తుప్పు పట్టినంతవరకే ముక్క వేయించండి. బానెట్, గ్రిల్, మడ్‌గార్డులు, తలుపు రేకుల విషయంలో స్టీరింగ్ ఎటున్నా తేడా లేదు.

6. ఏది కొనాలి, ఏది చేయించుకోవాలి

1953 దాకా ఉన్న బండి అయితే అద్దాల గురించి దిగులు వద్దు. అవి చదును అద్దాలు. పాత ముక్కలను అచ్చుగా ఇస్తే అద్దాలు కోసే షాపులో చేసిస్తారు. ముందు అద్దానికి లామినేటెడ్ గాజే వాడాలి, మామూలు గాజు ఒప్పుకోకండి. 1954–55 వంపు అద్దం మాత్రం తెప్పించక తప్పదు. ఆ బండి కొనే ముందే అద్దం పగిలి ఉందేమో చూసి ధర తగ్గించుకోండి.

తలుపు కింది అంచు, గడప రేకు, మడ్‌గార్డు అంచులు ఇక్కడ టింకరింగ్ షెడ్డులోనే బాగుచేయవచ్చు. రబ్బరు బీడింగ్, హ్యాండిళ్లు, బ్యాడ్జీలు కొనుక్కోవడమే మేలు. చేత్తో చేసినవి కుదరవు. బీడింగ్ కొనేటప్పుడూ ప్యానెల్, సబర్బన్ అని స్పష్టంగా రాయండి, పికప్‌ది పొడవు చాలదు.

పాత సామాను వెతకడానికి తిరుపతి నుంచి చెన్నై పుదుపేట దగ్గర. చిత్తూరు వాళ్లకు చెన్నై, బెంగళూరు రెండూ అందుబాటే, బెంగళూరులో జె.సి.రోడ్డు, శివాజీనగర్ గుజిరీ ఉన్నాయి. అక్కడ ‘షెవ్రొలే మడ్‌గార్డు’ అని అడిగితే కార్లవీ, లారీలవీ కలిపి చూపిస్తారు. ఒకటిన్నర టన్ను లారీల ముందు మడ్‌గార్డు చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ చక్రం బొక్క పెద్దది. మీ మడ్‌గార్డు చక్రం వంపుకు అట్ట కోసి వెంట తీసుకెళ్లండి. ఫోనులో బేరమైతే మూడు ఫోటోలు అడగండి: బయటి వైపు, లోపలి వైపు, బోల్టు బొక్కల దగ్గర టేపుతో. లోపలి వైపు ఫోటో పంపనంటే ఆ బేరం వదిలేయండి.

7. చేతికొచ్చిన రేకును పరీక్షించడం

లప్పం ఎక్కడుందో అయస్కాంతం చెబుతుంది. పలుచని గుడ్డ చుట్టి రేకు మీద మెల్లగా జరపండి, పట్టు సడలిన చోట లప్పం. చిన్న సొట్టలకు అది మామూలే. అరచేయంత మేర పట్టు లేకపోతే కింద రేకు పోయిందని అర్థం. మందం వెర్నియర్‌తో చూడండి. కొత్తగా కొట్టిన మడ్‌గార్డు మీ పాతదానికంటే పలుచనగా ఉంటే బిగించేటప్పుడు వంగుతుంది, వెల్డింగ్‌కు ఉబ్బుతుంది.

ప్యానెల్‌లో తుప్పు పట్టే చోట్లు వేరు. పికప్‌లో క్యాబిన్ మూలలు పోతాయి. ప్యానెల్‌లో వెనక తలుపుల కింది గడప, వెనక చక్రాల మీది లోపలి వంపు, కప్పు అంచున వాన నీళ్లు జారే గాడి ముందుగా పోతాయి. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు బండి బయట ఉంటే గాడిలో ఆకులు నిలిచి తేమ పట్టేస్తుంది. గాడిని స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, లోపలికి దిగితే పైకప్పు అంచు మొత్తం విప్పాలి.

8. రంగుకు ముందు బిగించి చూడటం

గడప రేకు కోసే ముందు తలుపు చోటులో అడ్డంగా, ఏటవాలుగా రెండు కమ్మీలు వెల్డింగ్ చేయించండి. అవి లేకుండా కోస్తే పిల్లరు కదులుతుంది, ఆ తర్వాత ఎంత మంచి తలుపైనా కూర్చోదు. తలుపు చోటుకు ఎదురెదురు మూలల మధ్య ఏటవాలు కొలతలు రెండూ గోడ మీద సుద్దతో రాసుకుని, వెల్డింగ్ తర్వాత మళ్లీ కొలవండి.

బిగించే వరస ఇది: వెనక తలుపులు, ముందు తలుపులు, తర్వాత మడ్‌గార్డులు, చివర బానెట్. చుట్టూ సందు 5 మి.మీ. దరిదాపులో ఒకేలా ఉండాలి. కిందికి ఎక్కువై పైకి తక్కువైతే ముందు కబ్జాలు చూడండి, తర్వాతే బాడీ కింది రబ్బరు దిమ్మలు. ఒక్క దిమ్మ నలిగినా తలుపు సందు మారిపోతుంది.

రిజిస్ట్రేషన్ గురించి ఒక మాట. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కార్ల తరగతి బండ్లకు వర్తిస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలంటుంది. మీ ప్యానెల్ వ్యాను ఆర్.సి.లో సరుకు బండి అని ఉంటే ఆ దారి నేరుగా దొరకదు. పని మొదలుపెట్టకముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో తరగతి కనుక్కోండి. బాడీ రకం మార్చే పనులు, అంటే కిటికీలు కోయడం, సీట్లు పెట్టడం లాంటివి, అనుమతి రాసిచ్చాకే చేయించండి. విప్పేముందు నాలుగు వైపులా, లోపల, ప్లేటుతో సహా ఫోటోలు తీసి తేదీతో దాచుకోండి.

పాత రేకులను మాత్రం తూకానికి వేయకండి. కొత్తవి బిగించి, రంగు ఆరి, తలుపులు పది రోజులు తెరిచి మూసి చూసేదాకా అవి మూలన పడి ఉండనివ్వండి. బొక్కల వరస, మడత అంచు కొలవాల్సి వస్తే మీకున్న అచ్చు అవే.